తిలాపాపము

పాపమునకు కర్త యొక్కడే యైనచో ధర్మనిర్ణయము కష్టము కాదు. దొంగిలించినవానిని దండింపవచ్చును, నిందించినవాడు క్షమాపణము వేడుకొనవచ్చును. కాని వేయిమంది పంచుకొనిన పాపమునకు ఎవడు బాధ్యుడు? తిలాపాపము తలా పిడికెడని మనవారు పరిహాసముగా ననుచుందురు. ఆ పరిహాసము వెనుక నొక కఠినమైన ప్రశ్న దాగియున్నది. ఒక్కొక్కని పిడికెడును విడిగా చూచిన అది దోషమనియే తోపదు; అన్నియు గుమికూడిన పిమ్మట ఒక ప్రాణిజాతియే నశింపవచ్చును. ఇట్టి దోషమును కనుగొనుట యెవరికి సాధ్యము? నివారించు భార మెవరిది? అమెరికా దేశపు వాయవ్యమూలనున్న వాషింగ్టన్ రాష్ట్రములో ఒక చేపను గూర్చి చాలకాలముగా జరుగుచున్న వివాదము ఈ ప్రశ్నకు తగిన యుదాహరణముగా నున్నది.

ఆ చేప పేరు సాల్మన్. వరదనీటికి ఎదురీదుచు సముద్రమునుండి గోదావరిలోనికి వచ్చు పులసను ఎరిగినవారికి దాని స్వభావమును తెలుపుట సులభము. సాల్మన్ చల్లని వాగులోని గులకరాళ్ల నడుమ పుట్టును. కొంతకాలము ఏటిలో పెరిగి సముద్రమునకు పోవును. అచ్చట కొన్ని సంవత్సరములు సంచరించి, తాను పుట్టిన యేటినే వెదకికొని వచ్చి గ్రుడ్లు పెట్టును. ఆ తీరపు సాల్మనులలో పెక్కుజాతులు గ్రుడ్లు పెట్టిన పిమ్మట మరణించును. వాని కళేబరములు పక్షిమృగములకు ఆహారమును, గట్టుమీది చెట్లకు ఎరువును అగును. కావున ఈ చేప బ్రతుకుటకు ఒక్క మడుగు బాగుగా నుండిన చాలదు. కొండవాగు మొదలు కడలివరకు దారి యంతయు బాగుగా నుండవలెను. ప్యూజెట్ సౌండ్ అను సముద్రశాఖలో కలియు నదులందలి చినూక్ జాతి సాల్మనును 1999వ సంవత్సరములో కేంద్రప్రభుత్వము అపాయము పొంచియున్న జాతులలో చేర్చెను. 2007లో దాని పునరుద్ధరణమునకు ఒక ప్రణాళికను అంగీకరించెను. ఆ చేప నేటికిని ఆ పట్టికనుండి తొలగలేదు.

చేపలు తగ్గుటకు కారణమేమని యడిగిన పలువురు వేటను, ఆనకట్టలను చూపుదురు. అవియు కారణములే. కాని వానికి కర్తలు కనబడుదురు. కర్త కనబడినచోట ప్రతిక్రియయు కనబడును. వేటకు పరిమితి విధింపవచ్చును. ఎల్వా నదిమీది రెండు పెద్ద ఆనకట్టలను 2011 మొదలు 2014 వరకు కూలద్రోసి నీటికిని చేపకును దారి విడిచిరి. మూడవ కారణము అట్టిది కాదు. ఒక గృహస్థుడు ఏటియొడ్డున ఇల్లు కట్టుకొనుటకు పది చెట్లు కొట్టించును. నీడ పోవుటచే నీరు వేడెక్కును. సాల్మనుకు చల్లని నీరే ప్రాణము. మరియొకడు బండి నిలుపుకొనుటకు ముంగిలి యంతయు గచ్చు చేయించును. నేలలో ఇంకవలసిన వాననీరు ఇంటికప్పులమీదుగా, బాటలమీదుగా ఒక్కసారిగా వాగులో పడి, శీతకాలమున గులకరాళ్లతో కూడ గ్రుడ్లను ఊడ్చుకొనిపోవును. వేసవిలో ఊటనీరు లేక అదే వాగు సన్నగిల్లును. ఇంకొకచోట బాట క్రింద ఇరుకైన తూము వేయుదురు. దానిని దాటలేక చేప వెనుకకు మరలును. వీరిలో దుర్మార్గుడెవడు? ఒక్కడును కాడు. ఇల్లు కట్టుకొనుట దోషమా? కాదు. అయినను వాగు చచ్చుచున్నది.

పిడికెళ్లన్నిటిని కూడి లెక్కచూడగల కన్ను గృహస్థునకు లేదు. దూరముననున్న కేంద్రప్రభుత్వమునకును లేదు; అమెరికాలో ఏ నేలలో ఇల్లు కట్టవచ్చునో, ఎచ్చట అడవిని విడువవలెనో నిర్ణయించు అధికారము సామాన్యముగా నగరసభలదియు, మన జిల్లాపరిషత్తులను కొంత పోలిన కౌంటీలదియు నైయున్నది. వాషింగ్టన్ రాష్ట్రము 1971లో తీరభూములను గూర్చియు, 1990లో జనాభివృద్ధిని గూర్చియు శాసనములు చేసి ఈ భారమును ఆ సంస్థలకు స్పష్టముగా నొప్పగించెను. పట్టణము ఎంతవరకు వ్యాపింపవచ్చునో ఎల్ల గీయవలెను. చిత్తడినేలలను, జంతువుల నివాసములను గుర్తించి కాపాడవలెను. 1995లో చేసిన సవరణచే, ఈ నిర్ణయములలో లభ్యమైన శాస్త్రజ్ఞానములో ఉత్తమమైనదానిని గైకొనవలెననియు, సముద్రమునుండి ఏటికి వచ్చు చేపలయందు విశేషశ్రద్ధ వహింపవలెననియు విధించిరి. కావున భూవినియోగ ప్రణాళిక యనునది కేవలము రంగులు పూసిన పటము కాదు. విడివిడిగా నున్నప్పుడు కనబడని దోషమును ఒక్కచోట చేర్చి చూపు అద్దమది. ఒక్క యింటికి అనుమతి నిచ్చునపుడు నూరవ యింటిని కూడ తలచుట దాని ధర్మము.

ఇచ్చట భూస్వామి పక్షమున ఒక న్యాయమైన ఆక్షేపణ కలదు. సియాటిల్ నగరము చేరియున్న కింగ్ కౌంటీవారు 2004లో ఒక కట్టడి చేసిరి. గ్రామప్రాంతపు నివాసభూములలో చిన్నవానియందు సగమును, పెద్దవానియందు దాదాపు మూడింట రెండువంతులును చెట్లు కొట్టక విడువవలెనని దాని తాత్పర్యము. పల్లెవారు కోపించిరి. నగరవాసులు తమ యడవిని ఎన్నడో నరికి మేడలు కట్టుకొనిరి. ఇప్పుడు చేపను రక్షించు పుణ్యకార్యమునకు మా నేల కావలసివచ్చెనా యని వారి ప్రశ్న. 2008లో రాష్ట్రపు అప్పీలు న్యాయస్థానము ఆ నియమమును కొట్టివేసెను. ఒక భూఖండముమీద విధించు నిర్బంధము ఆ భూఖండమున జరుగు పని కలిగించు హానికి తగినంతగా నుండవలెననియు, అట్లున్నట్లు కౌంటీవారు చూపలేదనియు ఆ తీర్పుయొక్క సారము. అనగా న్యాయస్థానము, ఇతని పిడికెడు ఎంతయో కొలిచి చూపుడని యడిగినది. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. చివరకు మిగిలినవానిమీదనే భారమంతయు మోపుట ధర్మము కాదు. కాని కొలతకందని పిడికెడు పిడికెడే కాదనుటయు సత్యము కాదు.

ఇంతకంటె లోతైన ప్రశ్న స్కాజిట్ నదీప్రాంతమున పుట్టెను. అచ్చటి పొలములు ఒకప్పుడు నదీముఖమునందలి చిత్తడినేలలు. పూర్వపు రైతులు గట్లుపోసి వానిని సాగులోనికి తెచ్చిరి. ఏటిగట్టున చెట్లు పెంచునట్లు రైతులను నిర్బంధింపవలెనని స్వినోమిష్ అను ఆదివాసిజాతివారు వాదించిరి. 2007లో రాష్ట్రపు సర్వోన్నత న్యాయస్థానము, శాసనము కాపాడుమన్నదే గాని మునుపు చెడినదానిని బాగుచేయుమనలేదనియు, ఉన్నస్థితికి క్రొత్తగా హాని కలుగకున్న చాలుననియు నిర్ణయించెను. శాసనార్థము అంతియే కావచ్చును. కాని ధర్మము అంతటితో తృప్తిపడునా? రోగి యిదివరకే మంచము పట్టియుండగా, నేను క్రొత్తగా విషము పెట్టలేదనువాడు నిరపరాధి కావచ్చును. వైద్యుడు మాత్రము కాడు.

నేను గట్లు పోయలేదు, నా తాత పోసెననువాడు ఆ గట్టు లోపలి పంటను అనుభవించుచునే యున్నాడు. ఫలమును వారసత్వముగా గ్రహించినవాడు ఋణమును మాత్రము త్రోసిపుచ్చరాదు. ఈ సూత్రమునకు దగ్గరగా వచ్చిన తీర్పు వేరొకటి కలదు. 1854, 1855 సంవత్సరములలో ఆ తీరపు ఆదివాసిజాతులు సంధిపత్రములచే విస్తారమైన భూమిని వదలుకొని, అలవాటైన తావులలో చేపలు పట్టు హక్కును నిలుపుకొనిరి. పట్టదగిన చేపలలో సగము వారికి చెందునని 1974లో జార్జి బోల్డ్ అను న్యాయాధిపతి తీర్పు చెప్పెను. ఏటిలో చేపయే లేనప్పుడు సగమునకు అర్థమేమి? రాష్ట్రపు రహదారుల క్రింద చేపలకు అడ్డుగానున్న తూములను బాగుచేయవలెనని క్రింది న్యాయస్థానములు ఆజ్ఞాపించెను. 2018లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానమున న్యాయాధిపతులు చెరిసగముగా చీలుటచే ఆ యాజ్ఞ నిలిచెను. ఆ తూములను వేసినవారిలో పలువురు నేడు లేరు. బాగుచేయు బాధ్యత మాత్రము నిలిచియున్నది.

కావున ఈ ధర్మమునకు రెండు పాదములు. క్రొత్తహాని చేయకుండుట భూమిగలవాని విధి. దానికి నియమము చాలును. పాతహానిని మాన్పుట సమాజమంతటి విధి. దానికి అందరి ధనమును కావలెను. ఏటిగట్టును విడిచిన రైతునకు పరిహార మియ్యవలెను. పూర్వమే అడవిని నరికి లాభము పొందిన నగరము ఆ ధనములో హెచ్చుభాగ మియ్యవలెను. ఈ రెండు పాదములు కలిసి నడువవలసిన తావు స్థానికసభయే.

ఇది మనకు కేవలము దూరదేశపు కథ కాదు. రెడ్మండ్, బెల్వ్యూ, సమామిష్, ఇసాక్వా పట్టణములలో నేడు తెలుగు కుటుంబములు అనేకములు కలవు. రెడ్మండ్ నడుమ సమామిష్ నదిలో కలియు బేర్ క్రీక్ అను వాగునకు చినూక్ సాల్మన్ గ్రుడ్లు పెట్ట వచ్చును. బండిచక్రముల రబ్బరునుండి పుట్టు ఒక రసాయనము వాననీటితో వాగులలో పడి కోహో జాతి సాల్మనును చంపుచున్నదని 2020లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. బండి నడపు ప్రతివాని చేతిలోను ఒక పిడికెడు కలదన్నమాట. మన పట్టణములలో చెరువులు పూడ్చి ఇండ్లు కట్టిన ఫలమును వరదలలో చూచి వగచినవారము, పరదేశమున మంచి పొరుగువారము కాగలమా? అచ్చట ప్రణాళికలను సవరించునప్పుడు ప్రజల యభిప్రాయమును అడుగుదురు. ఓటులేనివారును సభలో మాటాడవచ్చును. తన వీథిలో గృహనిర్మాణ నియమము చర్చకు వచ్చిన నాడు, తన యింటి విలువను మాత్రమే కాక వాగును గూర్చియు ఒక మాట పలుకుట గృహధర్మములో భాగమే.

పంచుకొన్న పాపమును ఒంటరిగా కడుగుకొనుట యెవనికిని సాధ్యము కాదు. కూడి చేసినదానిని కూడియే దిద్దుకొనవలెను. చేపకు సభలో మాట లేదు. నాలుగేండ్లు కడలిలో తిరిగి తన వాగును వెదకికొని వచ్చినప్పుడు, ఆ వాగు అచ్చట నుండుటయో లేకుండుటయో మన మాటకు సాక్ష్యము.