జిమ్‌కి వెళ్లడం సాధనా, దేహాభిమానమా?



ఈ వారం వీడియోలో భగవద్గీత 17వ అధ్యాయంలోని మూడు రకాల తపస్సుల గురించి చెప్పుకున్నాం కదా. టైమ్ సరిపోక అక్కడ వదిలేసిన ఒక ప్రశ్న ఉంది. దాని గురించి ఇక్కడ తీరిగ్గా మాట్లాడుకుందాం.

"నేను ఈ దేహాన్ని కాను" అని పొద్దున్నే చదువుకుంటాం. గంట తర్వాత అదే దేహానికి కండలు పెంచడానికి జిమ్‌కి బయల్దేరతాం. ఈ రెండింట్లో ఏదో ఒకటి అబద్ధం కాదా?

నాకిది పుస్తకాల్లో ప్రశ్న కాదు. ఇంజినీరింగ్ అయ్యాక ఆరేళ్లుగా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగమే నాది. జిమ్‌లో చేరి నాలుగు నెలలైంది. చేరిన కొత్తలోనే అమ్మ ఫోన్లో సూటిగా అడిగేసింది: "నీకు పొద్దున్న దొరికేదే ఒక్క గంట కదరా. ఆ గంట అద్దం ముందు బరువులెత్తే బదులు దేవుడి ముందు కూర్చోకూడదా?"

ఇది కొట్టిపారేసే మాట కాదు. జిమ్ నిండా అద్దాలే. అక్కడ కనిపించేది మనమే. వద్దన్నా చూపు అటే పోతుంది.

అయితే మన శాస్త్రం దేహాన్ని ఎలా చూసిందో గమనించండి. కఠోపనిషత్తులో దేహం రథం, ఆత్మ అందులో ప్రయాణించేవాడు, బుద్ధి సారథి, మనసు పగ్గాలు, ఇంద్రియాలు గుర్రాలు. ప్రయాణికుడు రథం కాడు, నిజమే. కానీ చక్రం విరిగిన రథం మీద ఎంత గొప్ప ప్రయాణికుడైనా ఎక్కడికీ పోలేడు. గీత 6వ అధ్యాయం కూడా అతిగా తినేవాడికీ, అసలు తిననివాడికీ, అతిగా నిద్రపోయేవాడికీ, నిద్రే మానేసేవాడికీ యోగం కుదరదని చెబుతుంది. అంటే దేహం మీద మోహం లేకపోవడం వేరు, దేహాన్ని గాలికొదిలేయడం వేరు. రోజుకి పది గంటలు కుర్చీలో ఉండి, అర్ధరాత్రి బిర్యానీ ఆర్డర్ పెట్టి, "ఈ శరీరం ఎలాగూ పోయేదే కదా" అనడం వైరాగ్యం కాదండీ. అది బద్ధకం. వేదాంతం దానికి సాకు మాత్రమే.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకుని తీరాలి. గీతలో శారీరక తపస్సు అంటే వ్యాయామం కాదు. దేవతలనీ, గురువులనీ పూజించడం, శౌచం, రుజువర్తన, బ్రహ్మచర్యం, అహింస, ఇవీ అక్కడున్నవి. కాబట్టి "జిమ్ కూడా తపస్సే, గీతలోనే ఉంది" అంటే అది మన సౌకర్యం కోసం చెప్పుకునే మాట అవుతుంది. కానీ తపస్సుని సాత్త్వికం, రాజసం, తామసం అని విడదీసిన ఆ కొలత ఉంది చూశారూ, దాన్ని మనం చేసే ఏ పని మీదైనా పెట్టి చూసుకోవచ్చు.

తామసం అంటే మూర్ఖపు పట్టుదలతో తనని తాను హింసించుకోవడం. జిమ్‌లో కొత్తవాళ్లకి మొదటి వారమే ఈ ప్రమాదం. తొలిరోజే రెండు గంటలు లాగించేసి, మర్నాడు మెట్లు దిగలేక, మూడో రోజు మానేస్తారు. కొత్తగా మొదలుపెట్టినప్పుడు ఒకటి నుంచి మూడు రోజులు కండరాలు పట్టేయడం మామూలే. కీలులో పోటు పొడిచినట్టు నొప్పి వస్తే మాత్రం వెంటనే ఆపాలి. వారానికి మూడు రోజులు, రోజుకి 45 నిమిషాలు చాలు. గుంజీళ్లలా కూర్చుని లేవడం, తొయ్యడం, లాగడం, నేల మీది బరువు ఎత్తడం, ఈ నాలుగు కదలికలు సరిగ్గా వస్తే మొదటి రెండు నెలలకి అదే పెద్ద పాఠం. ఇంకో రెండుసార్లు ఎత్తగలను అనిపించినప్పుడే దించేయండి. షుగర్, బీపీ, గుండె సమస్య ఉన్నవాళ్లు ముందు డాక్టర్ని కలవండి. ఏకాదశి ఉపవాసం ఉంటే ఆ రోజు బరువుల జోలికి పోకుండా నడకతో సరిపెట్టుకోండి.

రాజసం అంటే మెప్పు కోసం, గొప్ప కోసం చేసేది. దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, మన ఫోన్ గ్యాలరీ చెబుతుంది.

మరి సాత్త్వికం? ఫలం మీద ఆశ లేకుండా శ్రద్ధతో చేసేది. కొత్తవాడికి ఇక్కడొక విచిత్రమైన అవకాశం ఉంది. మొదటి కొన్ని వారాల్లో బలం పెరుగుతుంది కానీ అద్దంలో పెద్దగా ఏమీ కనిపించదు. ఎందుకంటే అప్పటికి కండ పెద్దగా పెరగదు, ఉన్న కండని వాడుకోవడం నరాలు నేర్చుకుంటాయి, అంతే. చూసుకోవడానికి ఏమీ లేని ఆ రోజుల్లో కూడా మీరు వెళ్తున్నారంటే, ఫలం కనబడకుండానే పని చేస్తున్నారన్నమాట. మొదట విషంలా, చివరికి అమృతంలా ఉండే సుఖం గురించి 18వ అధ్యాయం చెప్పేది ఇక్కడ ఒంటికి తెలిసొస్తుంది.

"మరి నేను పెళ్లి ఫోటోల కోసమే చేరాను, నా ఉద్దేశం శుద్ధం కాదుగా, మానెయ్యాలా?" అంటే, వద్దు. ఉద్దేశం పూర్తిగా శుద్ధమయ్యాకే మొదలెడదామంటే జపం కూడా మొదలవ్వదు. పరీక్షలో పాసవ్వాలని గుడికి వెళ్లడం మొదలుపెట్టినవాళ్లం మనలో ఎంతమంది లేము? అసలు చూసుకోవాల్సింది, ఆ వచ్చిన బలం ఎవరికి పనికొస్తోంది అని.

మా నాన్నమ్మకి తుంటి ఎముక విరిగి ఆర్నెల్లుగా మంచంలోనే ఉంది. ఆవిడని లేపి కుర్చీలో కూర్చోబెట్టాలంటే నాన్నకి నడుం నొప్పి. నేను ఊరెళ్లిన శనాదివారాలు ఆ పని నాది. మోకాళ్లు వంచి, వెన్ను నిటారుగా పెట్టి, బరువుని ఒంటికి దగ్గరగా తీసుకోవడం, జిమ్‌లో నేర్పింది సరిగ్గా ఇదే. పడేస్తాడేమో అన్న భయం లేకుండా ఆవిడ నా మెడ చుట్టూ చేతులు వేసినప్పుడు, "నేను దేహాన్ని కాను" అన్న మాటకీ నా భుజాలకీ మధ్య నాకే గొడవా కనిపించలేదు. జాంబవంతుడు గుర్తు చేశాక హనుమంతుడికి తెలిసొచ్చిన బలం రామకార్యానికే కదా వెళ్లింది. మన పాత వ్యాయామశాలల్లో ఆంజనేయస్వామి పటం పెట్టి, దండం పెట్టుకున్నాకే గోదాలోకి దిగేవారంటే ఉత్త ఆచారం కాదు. ఈ బలం యజమాని నువ్వు కాదురా అని రోజూ చెప్పడం.

అమ్మ అడిగిన గంట సంగతికొస్తే, ఆవిడ భయంలో నిజం ఉంది కాబట్టి నేను గంటని విడదీసుకున్నాను. వారంలో మూడు రోజులు జిమ్, మిగతా నాలుగు రోజులు ఆ గంట పూర్తిగా పూజకే. జిమ్ రోజుల్లో కూడా దీపం వెలిగించి పది నిమిషాలు కూర్చున్నాకే బూట్లు వేసుకుంటాను. అమ్మ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, కానీ పెసరట్టులో పనీర్ ఎక్కువేస్తోంది.

ఎక్కడ ఆగాలో తెలియడానికి రెండు గుర్తులు పెట్టుకోండి. ఒకరోజు జిమ్ మిస్సయితే ఇంట్లోవాళ్ల మీద చిరాకు పడుతున్నారా? పొట్ట ఉన్నవాళ్లని చూస్తే మనసులో చులకన కలుగుతోందా? ఏ ఒక్కటి ఉన్నా రథం నడవడం మానేసి ఊరేగింపు మొదలైందన్నమాట. అప్పుడు బరువు తగ్గించాల్సింది చేతిలో కాదు.

ఇంకా మొదలుపెట్టనివాళ్లు ఈ సోమవారం ఒక్క 45 నిమిషాలు వెళ్లి చూడండి. దిగే ముందు మనసులో ఒక పేరు అనుకోండి, ఈ బలం అవసరమయ్యే మనిషి పేరు.

శ్రీకృష్ణార్పణం.