వ్యూ ఎవరిది?

సూళ్లూరుపేటలో రొయ్యల వేపుడు తింటూ, "ఇదే పులికాట్ ఒడ్డున కూర్చుని తింటే ఎంత బావుండేదో" అన్నాను. కరీబియన్ తీరంలో నీళ్లని ఆనుకుని ఉండే రెస్టారెంట్ల ఫొటోలు చూసిన మనసు మరి!

తర్వాత శ్రీహరికోట రోడ్డెక్కాం. నీళ్లుండే నెలల్లో రెండు వైపులా సరస్సే. దూరంగా ఒకాయన వల లాగుతున్నాడు. నేను డబ్బిచ్చి కొనాలనుకున్న 'వ్యూ'లో ఆయన పని చేసుకుంటున్నాడు. చేపకి ఆయనకెంతో కొంత ముడుతుంది. చూడటానికి మనమిచ్చేదంతా హోటల్‌కే.

ఇదే సరస్సులో తమిళనాడు వైపు జాలర్లు 'పాడు' అనే పద్ధతిలో వంతులేసుకుని వేటాడతారు. మంచి చోటు ఎవరికీ శాశ్వతం కాదు. ఒడ్డున కూర్చుని తినడం తప్పనను. కానీ మనదీ ఒక వంతే అనుకోగలమా? టేబుల్ వేసిన చోట పడవ ఆగదు కదా.