ఎవరి ఊపిరికి ఎవరు పూచీ?

2021 ఏప్రిల్‌లో, అప్పటికింకా గుంటూరు జిల్లాలోనే ఉన్న గురజాల దగ్గర మా ఊరికి వెళ్ళాను. అంతకు ముందు ఏడాది వేసవిలో నరసరావుపేటలో కేసులు పెరిగి వీధులకు వీధులు కట్టేసిన భయం ఇంకా పోలేదు. నా ముఖానికి ఎన్‌-95 మాస్కు ఉంది. సంచిలో ఇంకో ఐదున్నాయి.

కల్లంలో మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. పదిమంది ఆడవాళ్ళు కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. అందరి ముక్కులకూ కొంగో తువ్వాలో చుట్టి ఉంది. అది కరోనా కోసం కాదు, ఘాటు కోసం. ఏ ఏడైనా అట్లాగే చుట్టుకుంటారు. నేను గుడ్డ మాస్కులు తీసి తలా ఒకటి పంచాను. వాళ్ళలో పెద్దామె నా ముఖం వైపు చూసి, "నీది వేరే రకం లాగుందే పాపా" అంది. "ఇది ఆస్పత్రుల్లో పెట్టుకునేది పిన్నీ" అన్నాను. నేను ఏ ఆస్పత్రికీ వెళ్ళడం లేదని ఆమెకి తెలుసు.

రెండు మాస్కుల మధ్యా పెద్ద తేడా లేదని రుజువైతే నా మనసు కుదుటపడేది. అందుకోసమే చదవడం మొదలుపెట్టాను. తేడా ఉంది. మనం మాట్లాడినా, ఊరికే ఊపిరి వదిలినా సన్నని తుంపరలు బయటికొస్తాయి. మరీ సన్ననివి గాలి ఆడని గదిలో గంటల తరబడి తేలుతూ ఉంటాయి. 2020 మార్చిలో ఈ వైరస్ గాలి ద్వారా వ్యాపించదన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ తర్వాత ఆ మాట మార్చుకోవాల్సి వచ్చింది. గుడ్డ పెద్ద తుంపరల్ని ఆపుతుంది. సన్ననివి నేత సందుల్లోంచీ, చెంపల పక్కనుంచీ దూరతాయి. కొంగు చుట్టుకున్నా దగ్గు తప్పని మిరప కూలీలకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. సర్జికల్ మాస్కు గుడ్డ కంటే నయం, కానీ పక్కలు వదులు. ఎన్‌-95లోని పాలీప్రొపిలీన్ పోగులకి విద్యుదావేశం ఉంటుంది. 0.3 మైక్రాన్ల రేణువుల్లో కనీసం 95 శాతాన్ని ఆ పొర పట్టేస్తుంది. అయితే అది ముఖానికి బిగుతుగా అతుక్కోవాలి. సబ్బుతో ఉతికితే ఆ ఆవేశం పోతుంది.

ఆ అతుక్కోవడంలోనూ మన కథ ఉంది. ఇలాంటి మాస్కులు సరిపోతాయో లేదో పరీక్షించడానికి 1970లలో అమెరికాలో పెట్టుకున్న ముఖాల కొలతలు అక్కడి వైమానిక దళ సిబ్బందివి. చిన్న ముఖాల ఆడవాళ్ళకి పక్కన సందు మిగిలితే తప్పు ముఖానిదే అయింది.

బంగ్లాదేశ్‌లో 2020-21లో సుమారు 600 గ్రామాల్లో, మూడు లక్షల పైచిలుకు మందితో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. సర్జికల్ మాస్కులు పంచి ప్రోత్సహించిన ఊళ్ళలో, లక్షణాలు కనబడి రక్తపరీక్షలో తేలిన కేసులు సుమారు 11 శాతం తగ్గాయి. అరవై దాటినవాళ్ళలో 35 శాతం. గుడ్డ మాస్కుల దగ్గర స్పష్టమైన ఫలితం కనబడలేదు.

2020 ఏప్రిల్‌లో మన రాష్ట్ర ప్రభుత్వం మనిషికి మూడు చొప్పున 16 కోట్ల గుడ్డ మాస్కులు పంచాలనుకుంది. ఆ కుట్టుపని పొదుపు సంఘాల ఆడవాళ్ళకి అప్పజెప్పింది. వాళ్ళ శ్రమని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఏమీ దొరకని రోజుల్లో గుడ్డే ఆసరా. కానీ ఏడాది గడిచి, మంచివి బజారులో దొరుకుతున్నప్పుడు కూడా కూలివాళ్ళకి గుడ్డే చాలని నిర్ణయించింది ఎవరు? నేనే.

ఇంకో సంగతి ఆలస్యంగా తట్టింది. గుడ్డ మాస్కు ఎంతో కొంత ఆపేది ఎక్కువగా పెట్టుకున్నవాళ్ళ నోట్లోంచి వచ్చేదాన్ని. అంటే దానివల్ల ముందుగా మేలు జరిగేది ఎదుటివాళ్ళకి. ఎన్‌-95 పెట్టుకున్నవాళ్ళనీ కాపాడుతుంది. ఆ రోజు వాళ్ళకి నేనేదో ఇచ్చాననుకున్నాను. నిజానికి నా చుట్టూ ఇంకో పది తెరలు కట్టుకున్నాను. దానం పేరుతో మనం చేసే పనుల్లో ఇలాంటివి ఎన్నో!

ఉన్న ఐదూ ఇచ్చేస్తే లెక్క సరిపోయేదా? అనుకోను. పల్నాడు ఎండలో పూటంతా అది పెట్టుకుని పని చేయడం నాకే చేతకాదు. పైగా కల్లం ఆరుబయలు, గాలే సగం కాపాడుతుంది. పిడుగురాళ్ళ సున్నం బట్టీల దగ్గర ధూళి పీల్చే ఆడవాళ్ళకి ఏ మహమ్మారీ రాకపోయినా రోజూ మాస్కు అవసరమే. దాన్ని వాళ్ళే కొనుక్కోవాలా? పని ఎవరిదో పూచీ వాళ్ళది కావద్దా?

ఆ సాయంత్రం మాస్కు మడిచి రొంటిన దోపుకుంటూ పెద్దామె అన్న మాట అప్పుడు నా చెవికెక్కలేదు. "ఇది సరేలే పాపా. పదిమందిమీ ఒక్క ఆటోలో ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళం వస్తన్నాం. ఇంకో ఆటో మాట్లాడమని మీ నాయనకి చెప్పు."

నేను చెప్పలేదు. మాస్కుల గురించి అంత చదివిన తర్వాత గానీ ఆమె అడిగింది కూడా ఊపిరి సంగతేనని నాకు అర్థం కాలేదు.