రాలేని వారి వంతు



ఆదివారం దివ్యబలిపూజ ముగియగానే గుడి ముంగిట ఒకరినొకరం పలకరించుకుంటాం. ఎవరు వచ్చారో చూస్తాం. ఎవరు రాలేదో చూస్తున్నామా? ముప్కాల్, బాల్కొండ మొదలు బోధన్ దాకా ఎన్ని ఇండ్లలో తండ్రి దుబాయిలోనో కువైటులోనో ఉన్నాడు! తల్లి చాట ముందు కూర్చుని బీడీలు చుడుతుంది. ముసలి అత్త మంచం దిగలేదు. 2015 డిసెంబరులో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక పని వెదుక్కుంటూ చెదిరిన కుటుంబాలు వేరు. మన పూజలో వీరి వంతు ఏది?

ఈ మాట శ్రీసభకు కొత్త కాదు. సుమారు 155వ సంవత్సరంలో రోము నగరంలో పునీత జస్టిన్ చక్రవర్తికి వ్రాసిన విన్నపంలో ఆనాటి ఆదివార పూజను వర్ణించాడు. పట్నాలవారు, పల్లెలవారు ఒకచోట కూడేవారు. లేఖనాలు చదివాక పెద్ద బోధించేవాడు. రొట్టె, ద్రాక్షారసములపై కృతజ్ఞతా ప్రార్థన జరిగేది. అందరూ లోకొన్న పిమ్మట పరిచారకులు రాలేనివారి ఇండ్లకు దివ్యసత్ప్రసాదమును తీసికొనిపోయేవారు. కలిగినవారు ఇష్టపూర్తిగా ఇచ్చిన కానుక అనాథలకు, విధవలకు, రోగులకు, చెరలో ఉన్నవారికి, పరదేశులకు చేరేది. గుర్తించండి, ఇదంతా పూజ అయ్యాక చేసే దానధర్మంగా కాదు, పూజలో భాగంగానే జస్టిన్ చెప్పాడు.

మన దేవాలయాలలో మందసమునందు దివ్యసత్ప్రసాదమును భద్రపరచే ఆచారం కూడా మొదట మరణావస్థలో ఉన్నవారి కొరకు, రోగుల కొరకు ఏర్పడినదే. దాని ముందు ఆరాధన ఆ తరువాత పెరిగింది. అందుకే మందసం ముందు మోకరిల్లిన ప్రతివానికీ మంచాన ఉన్న ఆ అత్త గుర్తుకు రావాలి.

కొరింతు సంఘంలో కలిగినవారు ముందే తిని తృప్తిపడితే లేనివారు ఆకలితో మిగిలారు. పునీత పౌలు వారిని గట్టిగా మందలించి, ఒకరికొరకు ఒకరు ఆగాలని చెప్పాడు (1 కొరింతీ 11). పక్క అధ్యాయంలోనే, ఒక అవయవం బాధపడితే శరీరమంతా బాధపడుతుందని వివరించాడు. ఆ రెండు మాటలూ కలిపి చదువుకోవాలి.

కువైటు, ఖతర్ దేశాలలో వారపు సెలవు శుక్రవారం. కనుక మనవారిలో చాలామంది ఆదివార పూజను ఆ రోజే చూస్తారు. సౌదీలో గుడి కట్టుకునే వీలే లేదు. అక్కడివాడు క్యాంపు గదిలో జపమాల చెప్పుకుంటే అదే అతని గుడి. నిష్ఠూరమైనా ఒక మాట చెప్పక తప్పదు. పండుగ చందా వ్రాసేటప్పుడు గల్ఫ్‌లో ఉన్నవారి పేర్లు మనకు చక్కగా జ్ఞాపకముంటాయి. అదే మనిషి ఏజెంటు మోసంతో జీతం లేక చిక్కుకుంటే, అతని భార్య అప్పుకాగితం పట్టుకొని ఒంటరిగా ఆఫీసుల చుట్టూ తిరుగుతుంది. ఆమె వెంట సంఘం నుండి ఒక్కరైనా వెళ్ళారా? జస్టిన్ చెప్పిన కానుకలో పరదేశి పేరు ఉంది. మన కానుక పెట్టెలో ఉందా?

ఈ వారమే మొదలుపెట్టవచ్చు. ఉపదేశిగారి వద్ద ఒక నోటుపుస్తకం ఉంచండి. ఊరు విడిచినవారి పేరు, ఉన్న దేశం, ఇంటి దగ్గర ఉన్నవారు, అప్పు ఉంటే ఆ సంగతి వ్రాయించండి. మంచాన ఉన్నవారి పేర్లు మరో పుటలో వ్రాసి విచారణ గురువులకు చూపండి. విశ్వాసుల ప్రార్థనలలో ‘దూరదేశములలో ఉన్నవారి కొరకు’ అని ఊరుకోకుండా ఆ పేర్లు చదవండి. బీడీల చాట పక్కన పెట్టి సాయంత్రం పిల్లలతో జపమాల చెప్పే తల్లి ఒక రహస్యాన్ని తండ్రి పేర అర్పించవచ్చు. ఫోనులో ఆయనకు ఆ సంగతి చెప్పండి. ఆ గంటకు అక్కడ ఆయనకు ఇంకా డ్యూటీ దిగే వేళ కాకపోవచ్చు.