ఆకలిని రుజువుగా చూపవచ్చునా?

మంచి ఫలితం కోసం పేదవాని ఆకలిని సాధనంగా వాడుకోవచ్చునా? జర్మనీ చరిత్ర ఈ ప్రశ్నను మన ముందుంచుతోంది.

1930 మార్చిలో అక్కడ ఛాన్సలర్ అయిన హైన్రిష్ బ్రూనింగ్ కతోలికుల సెంటర్ పార్టీ నాయకుడు, నిరాడంబరుడు. అమెరికా షేర్ మార్కెట్ కూలి అప్పటికి ఐదు నెలలు. విదేశీ అప్పు పుట్టడం కష్టమైంది. ఆయన పన్నులు పెంచాడు. జీతాలు, నిరుద్యోగ భృతి తగ్గించాడు. పార్లమెంటు కాదంటే అధ్యక్షుని అత్యవసర ఉత్తర్వులతో కానిచ్చాడు.

ఆ సెప్టెంబరు ఎన్నికల్లో 12 స్థానాల నాజీ పార్టీ 107కు ఎగబాకింది. అది చూసి బెదిరిన విదేశీయులు బ్యాంకుల నుండి డబ్బు లాగేసుకున్నారు. డబ్బు పోయేకొద్దీ కోతలు, కోతలు పెరిగేకొద్దీ జనం కోపం, ఆ కోపం చూసి మళ్ళీ డబ్బు పరారీ! 1931 జులైలో బ్యాంకులు తలుపులు మూశాయి. 1932 ఆరంభానికి నిరుద్యోగులు 60 లక్షలు.

మొదటి ప్రపంచ యుద్ధపు నష్టపరిహారం చెల్లించే శక్తి జర్మనీకి లేదని ఈ కష్టాల ద్వారా రుజువు చేయాలన్నది బ్రూనింగ్ ఉద్దేశాల్లో ఒకటి. 1923లో నోట్లు చిత్తుకాగితాలైన భయం వల్ల ఆయనకు వేరే దారి లేదని కొందరు చరిత్రకారులంటారు. కావచ్చు. కాని దారి లేక కోయడం వేరు, ఆ కోతను బేరానికి పెట్టడం వేరు. అందుకు నిరుద్యోగి సమ్మతి ఎవరడిగారు? అలాగని ఓటరునూ వదలలేము. యూదులకు పౌరసత్వం ఉండదని ఆ పార్టీ 1920లోనే ప్రకటించింది.

1932 జులైలో లొసాన్ సమావేశం పరిహారాన్ని దాదాపు రద్దు చేసింది. బ్రూనింగ్ కోరినదే దక్కింది. అప్పటికి ఆయన పదవి పోయి నెల దాటింది. ఆ నెలాఖరు ఎన్నికల్లో నాజీలకు 230 స్థానాలు వచ్చాయి.