విశేషం అడిగే ముందు

పెళ్లై రెండేళ్లు దాటిన కోడలు నల్లగండ్ల అపార్ట్‌మెంట్ లిఫ్టులో కనబడితే చాలు, "ఏమైనా విశేషమా?" అని అడిగే పెద్దలారా! ఒక్క క్షణం ఆలోచించండి. ఆమెను చదివించినది మీరే. ఉద్యోగం వచ్చిందని పదిమందికీ చెప్పుకున్నది మీరే. ఫ్లాట్ కొనేనాడు ఆమె జీతాన్నీ కలిపి అప్పు తెచ్చినది మీరే. ఇప్పుడు కాన్పు ఆలస్యమైందని ఆమెనే నిందించడం ధర్మమా?

చదువు, సంపద పెరిగితే కాన్పులు తగ్గుతాయన్నది లోకమెరిగిన సత్యం. మన నేలపై మాత్రం ఆ కథ మరోలా మొదలైంది. 1991 నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో అక్షరాస్యులు నూటికి ముప్పై ముగ్గురే. అయినా మరుసటి ఏడాది మొదలైన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో స్త్రీకి సగటు సంతానం 2.6కే దిగింది. ఇద్దరు బిడ్డలు పుట్టగానే, పాతికేళ్లైనా నిండకముందే, పల్లెతల్లులెందరో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ బల్ల ఎక్కారు. మగవాడికి చేసే ఆపరేషన్ ఇంకా సులువు. అయినా ముందుకు వచ్చిన మగవారు బహుకొద్దిమంది. నాడు ఆ భారం మోసినది స్త్రీ దేహమే.

2019-21 సర్వే నాటికి ఆ సగటు తెలంగాణలో 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7. తరం తరుగకుండా నిలవాలంటే 2.1 కావాలి. ఇద్దరిని మించి కన్నవారు పంచాయతీకి పోటీచేయరాదని 1994లో చట్టం తెచ్చిన ఆంధ్రప్రదేశే, 2024లో ఆ నిబంధన తీసేసి ఎక్కువమందిని కనమంటున్నది. పాలకుల లెక్కలు మారినప్పుడల్లా మారవలసింది తల్లి గర్భమేనా? కాన్పులు పెంచాలని ఎంతో ధనం కుమ్మరించిన దక్షిణ కొరియాలో సైతం 2023లో ఆ సగటు 0.72కు పడిపోయింది.

2017 నాటి ప్రసూతి చట్టసవరణ తల్లికి 26 వారాల సెలవిచ్చింది. యాభైమంది పనిచేసే చోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలన్నది. ఇరవై ఏడో వారం నుంచి ఎవరు చూడాలి? మోకాళ్ల నొప్పులతో గుంటూరు నుంచి వచ్చిన అమ్మమ్మా? తన బిడ్డను ఊళ్లో విడిచి వచ్చిన ఆయమ్మా? పక్క సైటులో, కడుతున్న శ్లాబు కింద, చీర ఉయ్యాలలో నిద్రించే కూలితల్లి బిడ్డకు ఆ చట్టపు నీడ ఏపాటి అందుతున్నది?

నాయనలారా, బిడ్డను కనాలా వద్దా అన్నది ముందుగా మీ భార్య మాట. కన్నాక పెంపకం ఇద్దరిదీ. కంపెనీ ఇచ్చే పితృత్వ సెలవును ఒక్కరోజూ వదలకండి, ఇవ్వకుంటే అడగండి.