లాకులు లేని కాలవ

కొత్త యంత్రం వచ్చినప్పుడు, పాత యంత్రం చేతబట్టుకున్న మనిషిపట్ల సమాజానికి బాధ్యత వుందా? మిల్లుగుడ్డ వచ్చిన రోజుల్లో మగ్గం అడిగిన ప్రశ్న ఇది. ఇవాళ అదే ప్రశ్న మరీ చిన్న రూపంలో, దాదాపు కంటికి ఆనకుండా వచ్చింది. మొబైల్ యాప్‌లో ఒక తెరనుంచి మరొక తెరకు పోయే దారి, పాత ఆపరేటింగ్ సిస్టం వున్న ఫోనులో కూడా పనిచేయాలా, అక్కర్లేదా? ఇది ప్రోగ్రామర్ల గొడవ, మనకు దీనితో ఏం పని అనేవారుంటారు. సాంకేతిక వేషం వేసుకున్న నైతిక ప్రశ్న ఇది అని నేనంటాను.

ముందు విషయం తెలుసుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోనులో వచ్చినదారిన మళ్లడం రెండు రకాలు. 'వెనక్కి' అంటే ఇంతకుముందు చూసిన తెరకు పోవడం. 'పైకి' అంటే చూస్తున్న తెర ఏ విభాగానికి చెందిందో ఆ విభాగం మొదటి తెరకు పోవడం. 2012లో 4.1 వచ్చాక, ఏ తెరకు ఏది తల్లితెరో ఒకచోట రాసిపెడితే చాలు, 'పైకి' పోయే పని చాలావరకు సిస్టమే చూసుకుంటుంది. అంతకుముందరి ఫోనులకు ఆ రాత అర్థం కాదు. వాటికోసం గూగుల్ ఇచ్చిన సహాయక లైబ్రరీని ఆశ్రయించి అదే సంగతి ఇంకొక రీతిలో మళ్లీ చెప్పాలి. 2019లో ఆండ్రాయిడ్ 10, తెర అంచున వేలు జరిపి వెనక్కిపోయే పద్ధతి తెచ్చింది. 2022లో 13, ఆ 'వెనక్కి' సంజ్ఞను యాప్ అందుకునే తీరునే మార్చింది. ప్రతిసారీ ప్రోగ్రామరు ముందు అదే ప్రశ్న: కొత్తదారి వేసి వూరుకోవడమా, ఫోను ఏ కాలందో విచారించి పాతదానికి పాతదారి కూడా వుంచడమా?

ఈ రెండవ పని కృష్ణా డెల్టాకు కొత్తకాదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయింది. దానికింద సాగిన కాలవలు పొలాలకు నీళ్లివ్వడమేగాక పడవలు నడవడానికి కూడా పనికివచ్చాయి. అయితే కాలవలో నీటిమట్టం అంతటా ఒకటిగా వుండదు. అందుకని లాకులు కట్టారు. దిగువనుంచి వచ్చిన పడవ లాకులో ప్రవేశిస్తుంది, తలుపులు మూస్తారు, నీరు ఎక్కిస్తారు, పడవ ఎగువమట్టానికి లేస్తుంది. "నీ పడవ కిందిమట్టంలో వుంది, ఇక్కడితో దిగిపో" అని ఎవరూ అనలేదు. ఇది తెల్లదొరల దయ కాదు. సరుకు కదలాలి, శిస్తు రావాలి. లాభం వున్నచోట లాకు కట్టే తెలివి పుడుతుందన్నమాట. లాభం లేనిచోట కట్టేదెవరు?

యాప్‌ల లోకంలో ఈ ప్రశ్నకు సమాధానం శాతాల్లో వస్తుంది. ఆండ్రాయిడ్ స్టూడియోలో కొత్త పని మొదలుపెట్టి, ఏ వెర్షను మొదలు యాప్ నడవాలో ఎంచుకోగానే, మొత్తం ఫోనుల్లో ఎంతశాతం మీద అది పనిచేస్తుందో అక్కడే చూపిస్తుంది. శాతం ఎక్కువగా కనబడితే మనస్సాక్షి నిద్రపోతుంది. కాని ఆ మిగిలిన ఒకటి రెండు శాతం అన్ని వర్గాల్లోనూ సమంగా చల్లినట్టు వుండదు. గుడివాడలో వ్యాపారి పాతఫోను వాళ్లింట్లో పనిచేసే మనిషికి చేరుతుంది. ఆమె దగ్గర పాడైనది నాగాయలంకలో బాగుచేయించుకొని పీతలు పట్టేవాడు కొనుక్కుంటాడు. ఫోను మెట్లు దిగినకొద్దీ వర్గంకూడా దిగుతుంది. సగటు లెక్క ఈ మెట్లను చదును చేసి చూపిస్తుంది. అదే అందులోని అసత్యం.

1977 నవంబరు 19నాటి వుప్పెన వేలాది ప్రాణాలు తీసిన దివిసీమలో 'కొద్దిశాతం' అన్నమాట తేలిగ్గా అనగూడదు. తుఫాను కబురు నూటికి తొంభైతొమ్మిదిమందికి చేరిందంటే, చేరని ఆ ఒక్కడూ కరకట్టకు అవతల గుడిసె వేసుకున్నవాడే అయివుంటాడు.

సినిమా పాటలు వినిపించే యాప్ పాతఫోనులో ఆగిపోతే అది వ్యాపారం. వినేవాడికి వేరేదారి వుంది. యాప్ ఒక్కటే వాకిలి అయినప్పుడు కథ మారుతుంది. ఉపాధిహామీ కూలీల హాజరును ఫొటోలతో నమోదుచేసే యాప్ 2021లో వచ్చి, 2023 జనవరి 1నుంచి పనిస్థలాలన్నిటికీ తప్పనిసరి అయింది. ఫోను మొరాయిస్తే పోయేది ఎండలో మట్టి తవ్వినవాడి కూలి. 2022 ఆగస్టులో మన రాష్ట్రంలో ఉపాధ్యాయుల హాజరు ముఖగుర్తింపు యాప్‌కు మార్చినప్పుడు, సొంతఫోనులు ఎందుకు వాడాలని సంఘాలు అడిగాయి. అది బద్ధకస్తుల మాట అన్నవారున్నారు. కాని పనిముట్టు ఎవరు సమకూర్చాలన్నది కార్మికోద్యమం మొదటినుంచీ అడుగుతున్న ప్రశ్నే. 2025 జనవరి 1నుంచి ఆండ్రాయిడ్ 4.4 ఫోనుల్లో వాట్సాప్ ఆగిపోయింది. ఆ నెల 30నే రాష్ట్రప్రభుత్వం వాట్సాప్‌లో 'మనమిత్ర' పేర 161 సేవలు ప్రారంభించింది. మనిషి ఎదుటబడి అర్జీ పుచ్చుకునే కార్యాలయం వున్నంతకాలం ఇది సౌకర్యమే. ఆ కార్యాలయం మూతపడితే, పౌరుడి హక్కుకు హద్దు గీసేది ఒక విదేశీ కంపెనీ అవుతుంది.

దీనికి రెండు బలమైన ఆక్షేపణలున్నాయి. పాత సిస్టంలకు భద్రతా సవరణలు రావు, వాటిమీద డబ్బు లావాదేవీలు నడిపితే మోసపోయేది పేదవాడే అన్నది మొదటిది. ఇది నిజం. అయితే ఈ నిజంనుంచి తేలేదేమిటి? అతనికి క్షేమమైన పనిముట్టు ఇవ్వాలనీ, లేదా యాప్ అక్కరలేని వాకిలి తెరిచివుంచాలనీ తేలుతుందిగాని, గెంటివేయాలని తేలదు. పైగా తెరా బ్యాటరీ బాగున్న ఫోనుకు సవరణలు ఆపి ముసలిదాన్ని చేసింది తయారుచేసిన కంపెనీ, కొనుక్కున్నవాడు కాదు.

రెండవది శ్రమకు సంబంధించినది. ప్రతి పాతవెర్షనుకూ దారి వేయాలంటే రాసినది మళ్లీ రాయాలి, పరీక్షించినది మళ్లీ పరీక్షించాలి. ప్రోగ్రామరు కూడా గడువుల కింద నలిగే వుద్యోగే. ఇదీ నిజమే. పాతదాన్నంతా కలకాలం మోయమని నేననను. వస్తువుమీద మమకారం అభ్యుదయం కాదు. ఎక్కడో ఒకచోట గీత గీయాలి. కాని గీసేముందు శాతం ఒక్కటే చూడగూడదు. గీతకు దిగువ ఎవరు మిగులుతున్నారు, వాళ్లకు వేరే వాకిలి వుందా, ఈ రెండూ అడగాలి. వాకిలి లేకపోతే లాకు కట్టితీరాలి. ఆ ఖర్చు సేవను తప్పనిసరి చేసినవాడిది, ప్రోగ్రామరు రాత్రినిద్రది కాదు.

'వెనుకబడినవాడు' అన్నమాట మనం అలవాటుగా వాడతాం, అదేదో అతని గుణమైనట్టు. ఫోను ఎక్కడున్నది అక్కడే వుంది, జరిగింది దారి. కృష్ణాజిల్లా కాలేజీల్లో చదివి హైదరాబాదులోనో అమెరికాలోనో యాప్‌లు రాసే యువకులు వేలల్లో వున్నారు. వాళ్లను దానధర్మాలు చేయమని అడగనక్కరలేదు. వెర్షను గీత గీసే సమావేశంలో, "దీనికి దిగువ వున్నదెవరు?" అని లేచి అడిగితే చాలు. ఆ ప్రశ్న ఒంటరిగా అడిగినవాడి వుద్యోగానికి ముప్పు రావచ్చు. అందుకే దాన్ని సంఘంగా అడగడం నేర్వాలి.